2×4 విట్రిఫైడ్ టైల్స్: మాలు మీద పరచాలా, గమ్ముతో అతికించాలా?

హనుమకొండ_ఇల్లు:
మొదటి అంతస్తు, 1200 చదరపు అడుగులు. హాలు, బెడ్‌రూములు, వంటిల్లు, బాల్కనీ. 600×1200 మి.మీ. గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్స్ దించాం. మేస్త్రి ఒకటికి ఆరు మాలు (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక) వేసి, పైన సిమెంటు పాలు పోసి పరుస్తానంటున్నాడు. షాపువాళ్లు గమ్ము (టైల్స్ అతికించడానికి సంచుల్లో వచ్చే పాలిమర్ కలిపిన సిమెంటు పొడి) వాడకపోతే లేచిపోతాయంటున్నారు. స్లాబు మీద రసమట్టం పెడితే ఒక మూలకీ ఇంకో మూలకీ 35 మి.మీ. తేడా వచ్చింది. గమ్మే అయితే ఏ రకం, ఎన్ని సంచులు?

తాపీమట్టం:
35 మి.మీ. తేడా ఉందన్నారు కదండీ, దానికి మాలే మందు. టైల్ గమ్ము మామూలుగా 3 నుంచి 6 మి.మీ. మందానికి చేసిన సరుకు. పల్లం పూడ్చడానికి అదే కుమ్మరిస్తే ఆరేకొద్దీ ముడుచుకుని టైల్ మూలలు కిందికి లాగుతుంది, డబ్బూ దండగ. నేల మీద పరిచే టైల్‌కు బరువే సగం పట్టు, గోడ టైల్ లాగా జారిపడేది కాదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) పనుల్లోనూ 20 మి.మీ. మందం ఒకటికి నాలుగు మాలు, పైన చదరపు మీటరుకు 3.3 కిలోల సిమెంటు పాలు లెక్కతో ఫ్లోరింగ్ చేస్తూనే ఉన్నారు. ఒకటికి ఆరు వద్దు, ఒకటికి నాలుగు అడగండి. ఇసుక జల్లెడ పట్టించండి.

పాలిమర్_సివిల్:
తాపీమట్టం గారూ, పల్లం పూడ్చేది మాలే అన్నంతవరకు ఒప్పుకుంటాను. టైల్‌ను పట్టుకునేది కూడా మాలే అంటేనే ఒప్పుకోలేను. పాత సిరామిక్ టైల్ వెనక భాగం నీళ్లు పీల్చేది, ఆ నీళ్లతోపాటు సిమెంటు సన్నటి రంధ్రాల్లోకి దిగి గట్టిపడి పట్టుకునేది. విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు బరువులో 0.5 శాతం లోపే. సిమెంటుకు వేళ్లూనే చోటే లేదు. గమ్ములో ఉండే పాలిమర్ ఆ నున్నటి వెనకభాగానికి అతుక్కుంటుంది. దానికి ధర పెట్టేది అందుకే.

ఇంకోటి, సిమెంటు పాలు పోసే పద్ధతి. పొడిపొడిగా ఉన్న మాలు మీద పోయగానే నీళ్లు కిందికి ఇంకిపోతాయి. పైన మిగిలేది పలచటి పొర. టైల్ పెట్టి రబ్బరు సుత్తితో కొట్టేసరికి నడిమధ్యే తాకుతుంది, మూలలు డొల్ల. 2×4 టైల్‌లో ఆ డొల్ల మూల మీద బీరువా కాలు పడితే పగులుతుంది.

తాపీమట్టం:
పాలు పోస్తే ఇంకిపోతుంది, నిజమే. అందుకే పోయకూడదు. సిమెంటును పేస్టులా చిక్కగా కలిపి టైల్ వెనక 2-3 మి.మీ. మందాన పూసి, మాలు ఇంకా పచ్చిగా ఉండగానే పెట్టాలి. ముందు ఒకసారి ఒట్టి టైల్ పెట్టి కొట్టి, ఎత్తి, మాలు మీద అచ్చు ఎక్కడ పడలేదో చూసి అక్కడ నింపి, అప్పుడు పేస్టు పూసి మళ్లీ పెట్టాలి. ఇలా ఎత్తి చూసి రెండోసారి పెట్టడం మానేసేవాళ్ల వల్లే మాలుకు చెడ్డపేరు.

ఇక పరిమాణం లెక్క చూద్దాం. 1200 చదరపు అడుగులంటే సుమారు 111 చదరపు మీటర్లు. సగటున 40 మి.మీ. మాలు వేస్తే ఒకటికి నాలుగులో సుమారు 34 బస్తాల సిమెంటు, పేస్టుకు ఇంకో 7. గమ్ము పద్ధతిలో కూడా ఆ 34 బస్తాల మట్టం (నేలను సమం చేసే మాలు పొర) వేయాల్సిందే, గమ్ము దాని మీద అదనం. పైగా ఆ మట్టం ఆరేదాకా ఆగాలి. అద్దె కడుతూ ఇల్లు కట్టుకునేవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

పాలిమర్_సివిల్:
అదనమే, కాదనను. లెక్క పూర్తి చేస్తాను. 2×4 టైల్‌కు 10 లేదా 12 మి.మీ. పళ్ల తాపీ వాడాలి, టైల్ వెనక కూడా పలచగా పూయాలి. చదరపు మీటరుకు 6 కిలోల దాకా పడుతుంది. అంటే 20 కిలోల సంచులు 34. సంచికి 50 చదరపు అడుగులు వస్తాయని షాపులో చెప్పే లెక్క చిన్న టైల్స్‌కు, 3 మి.మీ. పొరకు. దాన్ని నమ్మి 24 సంచులే తెస్తే పని సగంలో పొర పలచబడుతుంది.

రకం సంగతి. టైల్ గమ్ములకున్న భారత ప్రమాణం ఐఎస్ 15477 లో టైప్ 1 నుంచి టైప్ 5 వరకు ఉన్నాయి. నీళ్లు పీల్చే సిరామిక్‌కు సరిపోయే టైప్ 1 సంచిని విట్రిఫైడ్‌కు అంటగట్టడం బాగా జరుగుతోంది, ధర తక్కువ కాబట్టి. లోపలి గదులకు కనీసం టైప్ 2, బాల్కనీకి టైప్ 3 తీసుకోండి. సంచి మీద సీ2టీఈ (యూరప్ ప్రమాణం గుర్తు) అని ఉంటే పట్టు చదరపు మి.మీ.కు కనీసం 1 న్యూటన్, సీ1 అయితే అందులో సగం. పక్కన ఎస్1 అని కూడా ఉంటే కొంచెం వంగే గుణం ఉన్నట్టు. ఎండ పడే బాల్కనీకి అది చూసి తీసుకోండి.

బండలపని:
మధ్యలో ఒక ప్రశ్న. పాత తాండూరు బండల గచ్చు తవ్వకుండా దాని మీదే టైల్స్ వేయమని చాలామంది అడుగుతున్నారు. తవ్వితే చెత్త, దుమ్ము, కిరాయిదారులతో గొడవ. అక్కడ కూడా మాలు నడుస్తుందా?

తాపీమట్టం:
అక్కడ నడవదు. 20 మి.మీ. మాలు, 9-10 మి.మీ. టైల్ కలిస్తే గడపలు, తలుపులు అన్నీ తగులుతాయి. నున్నటి బండ మీద మాలు పట్టదు కూడా. అక్కడ గమ్మే.

పాలిమర్_సివిల్:
అవును. ముందు ప్రతి బండనూ కర్రతో తట్టండి. డొల్లగా మోగినవి తీసేసి నింపాలి. కింద కదిలే బండ ఉంటే పైన ఎంత ఖరీదైన గమ్ము పూసినా దండగే. పాలిష్, మైనం, నూనె జిడ్డు గ్రైండర్‌తో పోగొట్టి, కడిగి, ఆరాక టైప్ 3.

హనుమకొండ_ఇల్లు:
సార్, మా మేస్త్రి గమ్మును నాలుగు మూలలా ఒక్కో ముద్ద, నడుమ ఒక ముద్ద పెట్టి నొక్కితే చాలంటున్నాడు. గమ్ము ఆదా అవుతుందట.

తాపీమట్టం:
అది మాత్రం ఒప్పుకోకండి తమ్ముడూ. మాలూ కాదు, గమ్మూ కాదు, రెంటికీ చెడ్డ పని. ముద్దల మధ్య ఖాళీలోకి నీళ్లు చేరతాయి, అడుగు వేస్తే డొల్ల మోగుతుంది. అంతకంటే మాలే నయం.

పాలిమర్_సివిల్:
ఇందులో మా ఇద్దరిదీ ఒకే మాట. పని ఇలా చేయించండి. మట్టం వేశాక 10 అడుగుల బద్ద పెడితే ఎక్కడా 3 మి.మీ. కంటే సందు కనిపించకూడదు. లెవలింగ్ క్లిప్పులు పక్కపక్క టైల్స్ అంచులు కలుపుతాయి గానీ నేల మట్టాన్ని సరిచేయవు. టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, బట్టీలో అంటుకోకుండా పూసేది. తడిగుడ్డతో తుడవకపోతే గమ్ము పట్టేది టైల్‌ను కాదు, ఆ పొడిని. టైల్స్ నీళ్లలో నానబెట్టొద్దు.

బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. 20 కిలోలకు సుమారు 5 లీటర్లు, సరిగ్గా ఎంతో సంచి మీదే ఉంటుంది. మిక్సర్‌తో కలిపి 5 నిమిషాలు ఆగి మళ్లీ తిప్పాలి. బిగుసుకున్నాక నీళ్లు పోసి మళ్లీ కలిపితే పట్టు పోతుంది, అది పారేయాల్సిందే. గీతలు ఒకే దిక్కుగా, టైల్ పొట్టి అంచు వెంబడి లాగాలి. వంకర తిప్పితే గాలి లోపలే చిక్కుకుంటుంది. వరంగల్ ఏప్రిల్ ఎండలో గమ్ము పూశాక టైల్ పెట్టడానికి సంచి మీద రాసిన గడువు నమ్మకండి. వేలితో తాకితే అంటాలి, అంటకపోతే గీకేసి కొత్తది వేయాలి.

తాపీమట్టం:
మట్టం ఆరడానికి 28 రోజులు అని మాత్రం చెప్పకండి, ఎవరూ ఆగరు. గదుల్లో 2×2 టైల్ అయితే నేను చెప్పిన పేస్టు పద్ధతికే ఇప్పటికీ నా ఓటు. 2×4 కు, బాల్కనీకి గమ్ము అంటే కాదనను.

పాలిమర్_సివిల్:
28 రోజులు ఆగితే మంచిది, ఎందుకంటే మాలు ముడుచుకునేది ఎక్కువగా అప్పుడే. ఆగలేకపోతే ఎస్1 గమ్ము తీసుకోండి, బిగువు కొంత అది భరిస్తుంది. టైల్ టైల్‌కు మధ్య 2-3 మి.మీ. సందు వదలాల్సిందే, సందు కనబడకూడదని అంటించి పరిస్తే ఎండకు పెరిగే చోటులేక నడిహాల్లో గుడారంలా లేస్తాయి. గోడల చుట్టూ 8-10 మి.మీ. వదిలి స్కర్టింగ్ కింద దాచండి, అందులో మాలు పూడ్చొద్దు. బాల్కనీలో 8 నుంచి 12 అడుగులకు ఒక సాగే సందు ఇచ్చి సీలెంట్ నింపాలి, నీటి వాటం మట్టంలోనే ఇవ్వాలి.

హనుమకొండ_ఇల్లు:
మట్టం ఒకటికి నాలుగు, దాని మీద టైప్ 2, బాల్కనీకి టైప్ 3 ఎస్1 అని మేస్త్రితో మాట్లాడతాను. ఆయన సరిగా పూస్తున్నాడో లేదో మాకు తెలిసేదెలా?

తాపీమట్టం:
మొదటి రోజు నాలుగో టైల్ పెట్టిన వెంటనే, పచ్చిగా ఉండగానే ఎత్తించండి. వెనకభాగం గదుల్లో కనీసం 80 శాతం, బాల్కనీలో 95 శాతం గమ్ముతో నిండి ఉండాలి, మూలలతో సహా. గీతలు గీతలుగానే కనిపిస్తే ఇంకా పెద్ద పళ్ల తాపీ తెప్పించండి.