ఆర్ఎక్స్ 100 అమ్మి అంబాసిడర్‌ని హాట్ రాడ్ చేయొచ్చా?

మాది కావలి. మా నాయన కొన్న 1994 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100 నా దగ్గరుంది. ఇంజిన్ ఇప్పటిదాకా విప్పలా, సైలెన్సర్ కూడా బండితో వచ్చిందే. పొద్దున్నే కిక్ కొడితే వీధి చివర టీ కొట్టాయన తల తిప్పి చూస్తాడు. 98 సీసీ బండికి ఇంత గిరాకీ ఏందో, అడిగేవాళ్లు మాత్రం ఆగడం లేదు.

ఇప్పుడు ఒంగోలు దగ్గర ఒక షెడ్డులో మార్క్ 2 అంబాసిడర్ దొరికింది. బాడీ దిట్టంగా ఉంది, 1489 సీసీ ఇంజిన్ పట్టేసింది. దాంట్లో ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్, గేర్‌బాక్స్ దించి, వెనక వెడల్పు టైర్లేసి హాట్ రాడ్ (పాత కారుకే పెద్ద ఇంజినేసి జోరుగా పోయేలా మార్చిన బండి) కట్టాలని ఆశ. డబ్బుకి ఆర్ఎక్స్ 100 అమ్మడం తప్ప దారి లేదు. అమ్మేమో 'నీకేమన్నా తిక్కా?' అంటోంది.

ఇంజిన్ మార్పుకి ముందే ఆర్టీఓ అనుమతి కావాలని తెలుసు. టాప్ కోసి కిందికి దించితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్సీకే ఎసరు గదా? బాడీ జోలికి పోకుండా సరిపెట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా? పాత డ్రమ్ బ్రేకులు ఆ ఇంజిన్‌ని ఆపుతాయా, ముందు డిస్కులు వేయించాలా? నెల్లూరు, ఒంగోలు వైపు ఈ పని తెలిసిన మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? ఆర్ఎక్స్ 100 ఎంతకు చెప్పమంటారు? మళ్లీ అలాంటిది దొరకదని భయం కూడా ఉందిలెండి.