ఎక్స్‌రే నార్మల్ అన్నారు, బాబు మాత్రం కాలు మోపట్లేదు

మధురవాడ_అమ్మ:
మా బాబుకి 11 ఏళ్ళండి. ఆదివారం బీచ్ రోడ్డులో సైకిల్ మీంచి పడ్డాడు, గంటలోనే మోకాలు బుర్రలా వాచీసింది. క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి విరగలేదు బెణికిందంతే అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపీసారు. 4 రోజులైంది, అడుగు వెయ్యట్లేదు. మా అత్తయ్య నూనె రాసి పట్టిద్దామంటున్నారు. ఏటి చెయ్యాలి?

గాజువాక_నాన్న:
అమ్మా, పట్టించొద్దు దయచేసి. మా పాపకీ మొదటి ఎక్స్‌రే నార్మలే, రెండు వారాలకి మళ్ళీ తీస్తే తొడ ఎముక కింది చివర గ్రోత్ ప్లేట్ దగ్గర దెబ్బ బయటపడింది. అది ఎముక పెరిగే చోటు, మెత్తెముక కాబట్టి ఎక్స్‌రేలో ఖాళీ గీతలా కనబడుతుంది, చీలినా పక్కకి జరక్కపోతే తెలీదు. తొడ ఎముక పొడవులో దగ్గర దగ్గర 70 శాతం అక్కణ్ణించే పెరుగుతుందట, అందుకే కట్టు తీసాక కూడా కాళ్ళు సమానంగా పెరుగుతున్నాయో లేదో చూపించుకోడానికి తిరుగుతూనే ఉన్నాం.

ఎంవీపీ_ఫిజియో:
మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నాడా? అంత తొందరగా వాచిందంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. ఈ వయసులో సైకిల్ మీంచి పడితే లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) తెగే బదులు అది అంటుకున్న ఎముక మొనే లేచొస్తుంటుంది. పిల్లల ఎముకలు చూసే ఆర్థో దగ్గరికెళ్ళండి, అవసరమైతే ఎంఆర్‌ఐ రాస్తారు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదిపితే ఓర్చుకోలేనంత నొప్పొచ్చినా రాత్రయినా సరే కేజీహెచ్ (వైజాగ్ పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రి) క్యాజువాల్టీకి వెళ్ళిపోండి, తెల్లారేదాకా ఆగొద్దు.

వాలీబాల్_మాస్టారు:
పడకుండానే చిప్ప కింద బొడిపెలా వచ్చి పరిగెడితే నొప్పి అనే పిల్లల్ని చాలామందిని చూసాను, అది ఆస్‌గుడ్ ష్లాటర్, ఆట తగ్గిస్తే సర్దుకుంటుంది. ఎగిరినప్పుడు టప్‌మని చప్పుడొచ్చి కాలు చాపి పైకెత్తలేకపోతే మాత్రం చిప్ప కింద ఆ బొడిపె ఉండే చోటి ఎముక ఊడినట్టే, వెంటనే తీసుకెళ్ళాలి.

సీతమ్మధార_అక్క:
ఇంకోటి, దెబ్బ తగలకుండా మోకాలు నొప్పని కుంటుతుంటే తుంటి కూడా చూడమని అడగండి. మా అన్నయ్య కొడుక్కి అసలు తేడా తుంటిలో ఉంది, నెలరోజులు మోకాలికే మందు రాసాం.

మధురవాడ_అమ్మ:
చూపించామండి. ఫిజియో గారు చెప్పినట్టే మొన కొంచెం లేచింది, ఎక్కువ జరగలేదు కాబట్టి ఆపరేషన్ వద్దని తొడ దాకా కట్టు వేసారు, వారానికి మళ్ళీ ఎక్స్‌రే. ఆటోలో దారంతా వాడి కాలు మా అత్తయ్యే ఒళ్ళో పెట్టుకున్నారు.