1964 నాటి జాజ్‌మాస్టర్ గిటార్ కొనేముందు దుకాణంలో ఏమేం పరీక్షించాలి?

నమస్కారం. నాష్‌విల్‌లో పాత గిటార్లు అమ్మే ఒక దుకాణంలో, 1964లో తయారైనదని చెబుతున్న ఫెండర్ జాజ్‌మాస్టర్‌ను చూశాను. ఫెండర్ సంస్థ 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ చేతికి వెళ్లకముందు తయారైన వాద్యాలకు ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి, డబ్బు చెల్లించేలోపే దాని వయసును రూఢి చేసుకోవాలనుకుంటున్నాను. మెడను బిగించే లోహపు పలక మీది సీరియల్ నంబరు ఒక్కటే నాకు చాలదు, ఎందుకంటే ఆ పలకను మరో గిటార్ నుంచి తెచ్చి బిగించడం చాలా సులువు. మెడ మడమ (గిటార్ బాడీతో కలిసే మెడ చివరి భాగం) మీద ముద్రించిన తేదీని, లోపలి వాల్యూమ్, టోన్ పాట్ల (ఆ నాబ్‌ల కింద ఉండే విద్యుత్ భాగాల) మీది అంకెలను కూడా చూడాలి. ఆ అంకెలు 304తో మొదలైతే స్టాక్‌పోల్ తయారీ, 137తో మొదలైతే సీటీఎస్ తయారీ. తరువాతి అంకెలు సంవత్సరాన్ని, వారాన్ని తెలుపుతాయి.

అయితే, కొనకముందే మెడ విప్పి చూపించమని యజమానిని అడగడం అక్కడి పద్ధతేనా, లేక లోపలి ఫొటోలు అడగడం మేలా? సన్‌బర్స్ట్ రంగు (మధ్యలో లేతగా, అంచుల వైపు ముదురుగా ఉండేది) ఫ్యాక్టరీలో వేసినదో, తరువాత ఎవరైనా మళ్లీ వేయించినదో అనుభవజ్ఞులు ఎలా గుర్తుపడతారు? ధరలో అసలు తేడా అక్కడే వస్తుంది కనుక ఈ విషయం వివరంగా చెప్పగలరు.

ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే, ఆ కలప 1992 నుంచి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠిన నియంత్రణ ఉన్న జాబితాలో ఉంది. ఇలాంటి గిటార్‌ను అమెరికా నుంచి హైదరాబాదుకు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, ఏ అనుమతిపత్రాలు తీసుకున్నారో దయచేసి తెలియజేయండి.