రెండు స్థానాలున్న పార్టీని ‘ప్రతిపక్షం’ అనవచ్చునా?

ప్రశ్న: కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు శాసనసభ 2001–2005 పదవీకాలం గురించి వ్యాసం రాస్తున్నాను. 79 స్థానాల్లో గోర్డన్ కాంప్‌బెల్ నాయకత్వంలోని లిబరల్ పార్టీ 77 గెలుచుకోగా, అంతవరకు అధికారంలో ఉన్న న్యూ డెమోక్రటిక్ పార్టీకి రెండే మిగిలాయి. ఆ ఇద్దరినీ ప్రతిపక్షం అనాలా, విపక్షం అనాలా?

సమాధానం: పత్రికల వాడుకలో రెండూ ఒకటే కనుక ఏది రాసినా ఎవరూ తప్పుపట్టరు. తర్కశాస్త్రంలో మాత్రం వాటి దారులు వేరు. పొగను బట్టి కొండమీద నిప్పు ఉందని ఊహించేటప్పుడు, నిప్పు ఉన్నదో లేదో తేలవలసిన కొండ పక్షం, నిప్పు ఉన్నదని ముందే తెలిసిన వంటిల్లు సపక్షం, నిప్పుకు చోటే లేని మడుగు విపక్షం. మడుగు ఎవరితోనూ వాదించదు. ప్రతిపక్షం అలా కాదు. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు వాదాన్ని నిర్వచించినప్పుడు పక్షంతోపాటు ప్రతిపక్షాన్నీ చెప్పాయి. తనదంటూ ఒక ప్రతిపక్షాన్ని స్థాపించకుండా ఎదుటివారిని ఖండించడంతోనే సరిపెట్టుకునేదాన్ని వితండ అన్నాయి (మన ‘వితండవాదం’ అక్కడినుంచి వచ్చినదే). ప్రతిపక్షానికి అక్కడ కావలసింది నిలబెట్టుకోగల వాదమే గాని తలల లెక్క కాదు. కనుక ఆ పార్టీ తరఫున గెలిచిన జాయ్ మెక్‌ఫెయిల్, జెన్నీ క్వాన్ ఇద్దరే అయినా వారిని ప్రతిపక్షమనే రాయవచ్చునని నా అభిప్రాయం.

మీరు జాగ్రత్తపడవలసింది ‘హోదా’ దగ్గర. అక్కడ పార్టీగా గుర్తింపు పొందడానికి నలుగురు సభ్యులు ఉండాలన్న నిబంధన వల్ల వారికి అధికారిక ప్రతిపక్ష హోదా దక్కలేదు. 2004 ఉపఎన్నికలో అదే పార్టీ తరఫున జగ్‌రూప్ బ్రార్ గెలిచినా లెక్క మూడు దగ్గరే ఆగింది. కాబట్టి ‘ప్రతిపక్షం లేని సభ’ అనకండి, ‘ప్రతిపక్ష హోదా ఎవరికీ లేని సభ’ అనండి. హోదాకు కొలత అన్నిచోట్లా ఒకటి కాదు. 2015లో ఢిల్లీ శాసనసభలో 70 మందికి ముగ్గురే ఉన్న భాజపాకు స్పీకరు ఆ హోదా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 తరువాత, 175 మందిలో 11 మంది ఉన్న పార్టీ విషయంలో ఇదే మాట మీద వివాదం నడిచింది. అక్కడి 1953 నాటి జీతభత్యాల చట్టం సంఖ్యాబలంలో పెద్దదైన ప్రతిపక్ష పార్టీ గురించీ, స్పీకరు గుర్తింపు గురించీ చెబుతుంది గాని, సభలో పదోవంతు మంది ఉండాలన్న ఊసెత్తదు.

ప్రశ్న: అయితే ‘విపక్షాలు’ అని రాయకూడదా?

సమాధానం: పలు పార్టీలు ఉన్న సభకు ఆ మాట బాగానే నప్పుతుంది. మీ సభకు అవతలి వైపున ఎన్నికల్లో గెలిచి వచ్చింది ఒకే పార్టీ కనుక ఆ బహువచనం పొసగదు.