అప్‌డేట్: కాస్ట్ ప్లస్ అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి

కాస్ట్ ప్లస్ అంటే ఇంటి పనికి అయిన ఖర్చంతా ఇచ్చి, దాని పైన కాంట్రాక్టర్‌కి ఫీజు ఇవ్వడం. ఆ ఫీజు ఖర్చు మీద 12 శాతం ఇవ్వమని కాంట్రాక్టర్ అంటున్నాడు, అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

శాతం బదులు ఫీజు ఒకే మొత్తంగా పెట్టుకోమన్న మాటే పనిచేసింది. శాతమైతే ఖర్చు పెరిగేకొద్దీ ఆయన వాటా కూడా పెరుగుతుంది. మొత్తం ఖర్చుకి గరిష్ఠ పరిమితీ రాశాం. పనిలో మార్పులకు నేను సంతకం పెడితేనే ఆ పరిమితి పెరుగుతుంది.

లాయర్ పట్టుకున్న అసలు లోపం వేరు: డ్రాఫ్ట్‌లో "ఖర్చు" అంటే ఏమిటో ఎక్కడా లేదు! ఇప్పుడు మెటీరియల్, కూలీ, మెషీన్ల అద్దె మాత్రమే ఖర్చు. ఆయన ఫోను, ఆఫీసు ఖర్చులు ఆయన ఫీజులోనే కలిసి ఉంటాయి. వంకరగా కట్టి పడగొట్టిన గోడ ఆయన సొంత ఖర్చు. డిస్కౌంట్లు, వెనక్కిచ్చిన సిమెంటు బస్తాల డబ్బు నాకే జమ.

12 కాదు 10 అని వారం రోజులు చేసిన బేరం మాత్రం దేనికీ అక్కరకు రాలేదు.