దమ్ము బండా, ఇసుక బండా? పాత ట్రాక్టర్ కొనే ముందు ఏం చూడాలి

లంకగట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది కొత్తపేట దగ్గర. సొంతం, కౌలు కలిపి 11 ఎకరాల వరి, కాస్త కొబ్బరి తోట. సార్వాకి (వానాకాలం వరికి) కాలవలు వదిలేలోపు పాత ట్రాక్టర్ ఒకటి తీసుకుందామని చూస్తున్నాను. రెండు బళ్ళు తేలాయి.

ఒకటి మహీంద్రా 575, 2011 మోడల్. పూర్తిగా దమ్ము బండి, అంటే నాట్లకి ముందు నీళ్ళు పెట్టిన చేలో బురద కలియదున్నింది. సార్వా, దాళ్వా (రబీ వరి) రెంటికీ ఊళ్ళో కిరాయికి తిరిగింది. అవర్ మీటర్ పనిచెయ్యట్లేదు. కొత్తగా పెయింటు కొట్టించారు, ఇంజనాయిల్ కూడా మార్చామంటున్నారు.

రెండోది మాస్సీ 1035, 2014 మోడల్. ట్రక్కుతో (వెనక తగిలించే ట్రాలీతో) కలిపి ఇస్తారట. ఇసుక, ఇటుక తోలింది, పొలంలో దిగింది తక్కువేనంటున్నారు. మీటర్ 4,200 గంటలు చూపిస్తోంది. రంగు వెలిసింది, సీటు చిరిగింది.

నా పని 5 అడుగుల రోటావేటర్, దమ్ము, కోతలప్పుడు ధాన్యం తోలకం. శబ్దం విని ఇంజన్ సంగతి చెప్పేంత అనుభవం లేదు. మెకానిక్కుని తీసుకెళ్ళే ముందు నేనే చూసుకోగలిగినవి ఏంటి? రెంటిలో ఏది నయం?

నాజిల్ పంపు:

మోడలు, మీటరు తర్వాత చూద్దురుగాని. ముందు బండి ఏ పని చేసిందో పట్టుకోండి. దమ్ము బండి వెనకనుంచి పాడవుతుంది: యాక్సిల్ సీళ్ళు, గేర్ బాక్సులో నీళ్ళు, రోటావేటర్‌ని ఎత్తే లిఫ్టు. తోలకం బండి క్లచ్, బ్రేకులు, ముందు యాక్సిల్ దగ్గర పాడవుతుంది. ఇంజన్ మాత్రం రెంటికీ ఒకేలా చూడాలి. నేను ఇంజన్ వరకే చెప్తాను.

వస్తున్నామని ఫోన్ చేసి వెళ్తే బండి వేడి చేసి ఉంచుతారు. పొద్దున్నే వెళ్ళి, బానెట్ ఎత్తి ముందు బ్లాకు మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చెయ్యండి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్టవుతుందన్న దాంట్లోనే సగం సంగతి తెలుస్తుంది.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తియ్యండి. నీళ్ళ మీద నూనె తేలుతోందా, తుప్పు రంగుందా చూడండి. ఉప్పు బోరు నీళ్ళు పోసిన బళ్ళలో లోపల గార కట్టి గొట్టాలు పూడిపోతాయి, లోడు మీద వేడెక్కేవి ఇవే. మూత తీసి ఉంచే స్టార్ట్ చేయించండి. రేజ్ చేసినప్పుడల్లా బుడగలు వస్తూనే ఉంటే హెడ్ గాస్కెట్ పోయింది, లేదంటే హెడ్ పగిలింది.

డిప్‌స్టిక్ దగ్గరికొస్తే, మీ 575 కి కొత్త ఆయిల్ పోశారన్న మాట నాకు నచ్చలేదు. డీజిల్ ఇంజన్లో ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. ఇంకా పచ్చగా మెరుస్తోందంటే మీకు చూపించడానికే మార్చారు. పాత ఆయిల్లో నీళ్ళున్నాయా, డీజిల్ కలిసిందా, ఇనప రజను ఉందా అన్నవన్నీ దాంతో పాటే పోయాయి. పైగా చిక్కటి ఆయిల్ పోస్తే పొగా, బ్లో-బై (రింగుల పక్కనుంచి ఇంజన్ కిందకి తోసే పొగ) కొన్నాళ్ళు అణిగి ఉంటాయి. వేళ్ళ మధ్య రాసినప్పుడు తీగలా సాగితే గేరాయిల్ కలిపారని అనుమానించాలి. లెవెల్ పై గీత దాటి ఉండి డీజిల్ వాసన కొడితే, ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగి గానీ నాజిల్ కారి గానీ డీజిల్ సంపులోకి (ఇంజన్ అడుగు ఆయిల్ తొట్టిలోకి) దిగుతోంది. అలాంటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు నిలవవు.

పొగ: చల్లటి స్టార్టింగులో కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే తప్పు లేదు. వేడెక్కాక కూడా తెల్లగానే ఉంటే కంప్రెషన్ తగ్గిందో, నాజిళ్ళు బాగోలేవో, నీళ్ళు దిగుతున్నాయో. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. లోడు పడ్డప్పుడు ఓసారి నల్లగా తోసి తేరుకుంటే పర్లేదు. ఆగకుండా నల్లగా కక్కుతుంటే ముందు ఎయిర్ క్లీనర్ చూడండి, తర్వాతే నాజిళ్ళు. ఆయిల్ బాత్ క్లీనరైతే గిన్నె విప్పండి. అడుగున బురద గట్టిపడి ఉందంటే ఆ ఇంటోళ్ళు మిగతావి ఎలా చూసుకున్నారో అడగక్కర్లేదు.

బ్లో-బై: బాగా వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా బోర్లా పెట్టండి. సన్నగా వణికితే సరే. ఎగిరి పడినా, దఫదఫాలుగా పొగ తోసినా రింగులు, లైనర్లు అరిగాయి. హాఫ్ ఇంజన్ పని (రింగులు, పిస్టన్లు, లైనర్లు మార్చడం) ఉందనుకుని బేరమాడాలి.

సిలిండర్లు అన్నీ సమంగా పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే ఐడిల్‌లో ఉంచి, నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టుని ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చెయ్యాలి. వదిలినప్పుడు శబ్దం మారి ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. మార్పే లేకపోతే అది అంతకుముందే చచ్చిపోయింది. ఇది మెకానిక్ చేతే చేయించండి. చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, దగ్గర చెయ్యి పెట్టకూడదు.

గంట పనిచేశాక ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుని, వేడిలో మాత్రం సెల్ఫ్ చాలాసేపు తిప్పాల్సి వస్తే, రోటరీ డీజిల్ పంపు ఉన్న బండిలో పంపు అరిగిందని మొదటి అనుమానం. పంపు మీద గుడ్డ వేసి చన్నీళ్ళు పోసినప్పుడు అందుకుంటే దాదాపు ఖాయం.

ఆయిల్ ప్రెషర్ లైటు తాళం తిప్పగానే వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే వైరు పీకేసి ఉండొచ్చు. మెకానిక్ దగ్గర విడి గేజు ఉంటుంది, అది బిగించి చూస్తే వేడి ఇంజన్ ఐడిల్‌లో ప్రెషర్ ఒక కేజీకి (చదరపు సెంటీమీటరుకి) తగ్గకూడదు.

కాలవగట్టు:

పై ఆయన ఇంజన్ బాగా చెప్పారు. ఇంజన్ చేయించుకోవచ్చండి, పిస్టన్ లైనర్ సెట్టు ఎక్కడైనా దొరుకుతుంది. డెల్టాలో మనిషిని ముంచేది గేర్ బాక్సులో నీళ్ళు.

దమ్ములో బండి యాక్సిల్ దాకా మునిగే ఉంటుంది. గడ్డి, దుబ్బులు యాక్సిల్‌కి చుట్టుకుని సీలుని కోసేస్తాయి. అక్కణ్ణుంచి బురద నీళ్ళు లోపలికి, ఆయిల్ బ్రేకుల్లోకి. పెయింటు దీన్ని దాచలేదు. ఎలా చూడాలంటే: బండి రాత్రంతా ఒకేచోట నిలబడి ఉండాలి. నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి తెల్లారేసరికి అడుక్కి చేరతాయి. కదపకుండా, హౌసింగ్ అడుగున డ్రెయిన్ బోల్టుని మెల్లగా వదులు చేసి, పూర్తిగా తియ్యకుండా, వచ్చే మొదటి గ్లాసెడు పట్టండి. ముందు నీళ్ళు కారితే సంగతి తేలిపోయింది. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళతో కలిసి చాన్నాళ్ళు తిరిగిందని. బేరింగుల మీద తుప్పు గుంటలు పడి ఉంటాయి. అవి ఈ సార్వా దాటినా దాళ్వాకి మోత మొదలెడతాయి. చాలా బళ్ళలో లిఫ్టు పంపు కూడా ఆ ఆయిల్‌తోనే నడుస్తుంది, కనక దాని ఆయుష్షు కూడా అంతే. బోల్టుకి అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తటి బూడిద రంగు పేస్టు మామూలే, ముక్కలు తగిలితే వద్దు.

వెనక చక్రం లోపలివైపు టార్చి వేసి చూడండి. డ్రమ్ము చుట్టూ తడి చార ఉంటే సీలు పోయింది. దమ్ము చక్రాలు (బురదలో వేసే ఇనప చక్రాలు) బిగించిన బండికి డిస్కు రంధ్రాలు సాగి కోలగా అవుతాయి, స్టడ్లు కొత్తవీ పాతవీ కలిసి ఉంటాయి. యాక్సిల్ హౌసింగ్ జాయింటు దగ్గర వెల్డింగు కనిపిస్తే ఇంక బేరం అక్కర్లేదు.

ముందు హబ్బు మూత ఊడదీసి గ్రీజు చూడండి. నీటి బొట్లు, తుప్పు ఉంటే బేరింగులు మార్చాలి, ఇది పెద్ద ఖర్చు కాదు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్ గానీ కింగ్ పిన్ను గానీ. పక్కలకి ఊపినప్పుడు కదిలితే టై రాడ్ చివర్లు.

లిఫ్టు చల్లగా ఉన్నప్పుడు అందరిదీ బాగానే పనిచేస్తుంది. చిక్కటి ఆయిల్ లీకుని ఆపుతుంది. గంట రోటావేటర్ తోలాక, పూర్తిగా పైకెత్తి ఇంజన్ ఆపెయ్యండి. పది నిమిషాల్లో రెండు మూడు అంగుళాలు దిగితే ఓర్చుకోవచ్చు, నేలకి ఆనిందంటే సిలిండర్ సీళ్ళో కంట్రోల్ వాల్వో పోయాయి. ఇంజన్ నడుస్తుండగా ఎత్తిన రోటావేటర్ తలూపుతూ కిందకీ పైకీ ఆడుతుంటే అదే జబ్బు.

గేరు ఎగరడం మన చదును నేలమీద బయటపడదు. కాలవ గట్టు ఎక్కించి, రెండో గేరులో, తర్వాత మూడో గేరులో, యాక్సిలేటర్ వదిలేసి దింపండి. బండి తోస్తున్నప్పుడు లివర్ న్యూట్రల్‌కి వచ్చేస్తే గేరు పళ్ళు అరిగాయి. కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచుకోండి.

అల్లవరం, ఉప్పలగుప్తం, అంతర్వేది వైపు బళ్ళకీ, రొయ్యల చెరువుల్లో తిరిగిన వాటికీ ఉప్పు బాధ వేరే ఉంది. రిమ్ములో ట్యూబు వాల్వు చుట్టూ, ఫుట్‌బోర్డు అడుగున, బ్యాటరీ పెట్టె కింద స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. రేకు ఊడి వస్తే వైరింగు కూడా అలాగే ఉంటుంది.

లంకగట్టు:

చాలా ఉపయోగపడేవి చెప్పారండి. డ్రెయిన్ బోల్టు విప్పనివ్వకపోతే?

కాలవగట్టు:

కొత్త వాషర్, 5 లీటర్ల ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మీరే పట్టుకెళ్ళండి, పోయింది పోస్తాననండి. అప్పటికీ ఒప్పుకోకపోతే లోపల ఏముందో వాళ్ళకి తెలుసన్నమాట.

ట్రక్కు హుక్కు:

మరేనండి, మాస్సీ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంజన్‌తో కలిసి తిరిగే మీటరు గడియారంలా లెక్కపెట్టదు. కంపెనీ పెట్టిన ఆర్‌పీఎంలో తిరిగితేనే గంటకి గంట పడుతుంది, తక్కువ రేజులో తక్కువ పడుతుంది. 4,200 నిజమో కాదో పెడల్ రబ్బర్లు, లోయర్ లింకుల (రోటావేటర్ తగిలించే కింది చేతుల) గుండ్లు, ట్రక్కు పిన్ను రంధ్రం చెప్తాయి. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగి, పెడల్ రబ్బరు ఇనుము తేలి ఉంటే మీటర్ మాట వదిలెయ్యండి.

ఇసుక ర్యాంపులో లోడుతో మెత్తటి ఇసుకలోంచి గట్టు ఎక్కించడమంటే క్లచ్ కాలిపోయే పని. ఖాళీ స్థలంలో, ముందు ఎవరూ లేకుండా, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి, సగం రేజులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారే చెయ్యండి, పదే పదే చేస్తే మీరే కాల్చేస్తారు. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంజనాయిల్ కారితే క్రాంకు వెనక సీలు, గేరాయిల్ కారితే ఇన్‌పుట్ షాఫ్టు సీలు. దేనికైనా బండిని రెండు ముక్కలు చెయ్యాలి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, సీళ్ళు ఒకేసారి వేయించుకుంటే కూలి ఒక్కసారితో పోతుంది.

బ్రేకు పెడల్స్ రెండూ కలిపి లాక్ చేసి, నెమ్మదిగా పోతూ తొక్కండి. ఒక పక్కకి లాగితే లైనింగో, ఆయిల్ పడిందో. ముందు యాక్సిల్ బ్రాకెట్టు చుట్టూ పగుళ్ళు చూడండి, మట్టి తోసే బ్లేడు బిగించిన గుర్తులుంటే మరీను. వెనక టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2318 అంటే 2018లో 23వ వారం. టైరు మీది కట్టలు (గుబ్బలు) ఎంత ఎత్తున్నా పక్కలు బీటలు వారిన టైరు దమ్ములో తక్కువ గాలితో నిలవదు.

కాగితాలు కూడా. 2011 బండికి 15 ఏళ్ళు 2026తో నిండుతాయి. ఫారం 25తో రెన్యువల్ అయిందో లేదో చూడకుండా బయానా ఇవ్వకండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ముందు తెప్పించమనండి. తర్వాత పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు. ట్రక్కుకి వేరే ఆర్‌సీ ఉంటుంది, అది లేకుండా ట్రక్కు కలిపిస్తామంటే ఇనుము ధర కట్టండి.

నా ఓటు మాస్సీకి. క్లచ్ అరిగితే కనబడుతుంది, లెక్క వెయ్యొచ్చు. తడిసిన గేర్ బాక్సుకి లెక్క వెయ్యలేం.

నాజిల్ పంపు:

ఇక్కడ కాస్త తేడా అండి. 575 నాలుగు సిలిండర్లు, 45 హెచ్‌పీ. 1035 మూడు సిలిండర్లు, 36 హెచ్‌పీ. 11 ఎకరాల సొంత పనికి, 5 అడుగుల రోటావేటర్‌కి 36 సరిపోతుంది. లోతు దిగే రేగడిలో పూర్తి దమ్ము చక్రాలు వేసి కిరాయికి కూడా తిప్పుతానంటే సరిపోదు, ఎప్పుడూ ఫుల్ రేజులోనే ఉంటుంది. మీ చేను ఒండ్రు నేలై, టైర్ల పక్కన హాఫ్ చక్రాలు బిగిస్తే చాలనుకుంటే మాస్సీ తీసుకోండి. 575 డ్రెయిన్ బోల్టులోంచి శుభ్రమైన ఆయిల్ వస్తే మాత్రం నేను దానివైపే.

కాలవగట్టు:

శుభ్రమైన ఆయిల్ అంటే కొత్త ఆయిల్ కాదు సుమండీ. ఇంజనాయిల్ మార్చినవాళ్ళు గేరాయిలూ మార్చి ఉండొచ్చు. బోల్టు తలమీద కొత్త స్పానర్ గీతలుంటే, గేర్ లివర్ దగ్గర మూత విప్పించి లోపలి గోడలకి, షాఫ్టులకి తెల్లటి జిడ్డు అంటుకుని ఉందేమో చూడండి. ఆయిల్ మార్చినా అది పోదు.