కరోనా రోజుల్లో టీబీ మాత్రలు నెలకు సరిపడా చేతికిచ్చేశారు. సరైన పనేనా?

లెక్కలమాస్టారు:
ఇంట్లో మొదలైన వాదన, అక్కడ తేలక ఇక్కడ పెడుతున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే టీబీ రోగులకు నెల మాత్రలు ఒకేసారి ఇచ్చేయమన్నారు. అంతకుముందు డాట్స్ అంటే ఎదురుగా ఒకరు నిలబడి మింగించడం. రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆపైన నాలుగు నెలలు మూడు రకాలు. రెండో నెలకే జ్వరం పోయి, ఒళ్లు చేసి, ‘నాకు తగ్గిపోయింది’ అని మానేసేవాళ్లు ఎందరో. మందులకు లొంగని టీబీకి అదేగా దారి! ఏళ్ల తరబడి కట్టుకున్న కట్టడిని ఒక్క భయంతో తెంచేసుకున్నాం. కాదంటే చెప్పండి.

పల్లెనర్సు:
కాదనే అంటున్నా మాస్టారూ. నేను ఏఎన్ఎంని. ఆ రోజుల్లో బస్సుల్లేవు, ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేశారు. అసలే ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషిని రోజూ రప్పించి, కరోనా అనుమానంతో వచ్చినవాళ్ల పక్క బెంచీ మీద కూర్చోబెట్టమంటారా? మేం ఊరికే వదిలేయలేదు. నేనైతే ఫోన్ చేసి ముందు మూత్రం రంగు అడిగేదాన్ని. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే నారింజ రంగులో వస్తుంది. ఒక పెద్దాయన ‘తెల్లగానే వస్తోందమ్మా, జబ్బు పోయినట్టేగా’ అని సంబరంగా చెప్పి దొరికిపోయాడు.

మిడిమేళం:
ఫోన్‌లో రంగులడిగి వైద్యమా! ఇక జాతకాలు చూడటమే మిగిలింది.

పల్లెనర్సు:
నవ్వండి బాబూ. ఆ సాయంత్రమే ఆశా కార్యకర్త ఆయనింటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టింది. పదకొండు మిగిలాయి.

పాతకాగితం:
ఈ తగువు కొత్తది కాదు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో, అంటే క్షయ ఆసుపత్రుల్లో, నెలల తరబడి ఉంటేనే క్షయ తగ్గుతుందని నమ్మిన కాలంలో, ఇంటికి పంపితే ఇల్లంతా అంటిస్తారని భయపడేవాళ్లు. మద్రాసులో పరిశోధకులు కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని ఇరుకిళ్లలోనే ఉంచి ఏడాదిపాటు మందులిచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. తిండి అంతంతమాత్రమైనా ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అదనంగా అంటిందీ లేదు.

లెక్కలమాస్టారు:
సగమే చెప్పారు. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రల లెక్క, మూత్ర పరీక్ష తప్పలేదక్కడ. పైగా ఇళ్లలో జనం మందులు మానేస్తున్నారని గమనించి, ఎదుటే మింగించాలన్న ఆలోచనకు బాట వేసిందీ ఆ మద్రాసు కేంద్రమే.

పాతకాగితం:
ఒప్పుకుంటా. అయితే నర్సమ్మ చేసిందీ అదేగా? మాత్రల లెక్క, మూత్రం రంగు.

సిరిసిల్లోడు:
మీరంత మాత్రల మీద కొట్లాడుతున్రు. మా తమ్మునికి అసలు రోగం పేరే ఎవ్వరు చెప్పలే. ఈ మే నెలల దగ్గు షురువైంది. పోతే కరోనా పరీక్ష చేసిన్రు, నెగెటివ్. సిరప్ ఇచ్చి పంపిన్రు. మళ్ల పోయినం, మళ్ల ముక్కుల పుల్ల వెట్టిన్రు, మళ్ల నెగెటివ్. మాపటికి జరం, పొద్దుగాల చెమటలు, పదమూడు కిలోలు తగ్గిండు. తెమడ పరీక్ష సెప్టెంబర్ల చేసిన్రు. నాలుగు నెలలు. దవాఖాన పేరు చెప్ప, ఒక్క కాడనే గట్ల అయితదని కాదు.

లెక్కలమాస్టారు:
బాధాకరం తమ్ముడూ. దీనికి నా దగ్గర జవాబు లేదు. లెక్కలూ మీ మాటనే బలపరుస్తున్నాయి. దేశంలో 2019లో 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గి కాదు, పట్టుకోక. టీబీని గంటల్లో తేల్చే ట్రూనాట్ యంత్రాలను కరోనా పరీక్షలకు తిప్పారు, ల్యాబ్ సిబ్బందినీ తిప్పారు.

మిడిమేళం:
మరి కరోనా పరీక్షలు మానేయాల్సిందా? ఉన్న యంత్రాలే కదా అందరికీ.

పల్లెనర్సు:
మానమనలేదు. దగ్గుతో వచ్చినవాళ్లకు రెండూ చూడమని 2020 ఆగస్టులోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మా దాకా వచ్చింది, తెమడ డబ్బాలు రాలేదు. ముక్కులో పుల్ల పెట్టేటప్పుడే ‘రెండు వారాలు దాటిందా దగ్గు?’ అని అడగడానికి మాత్రం ఏ యంత్రమూ అక్కర్లేదు. నేనూ అన్నిసార్లూ అడగలేదు, వరుస అంత పొడుగుండేది. సిరిసిల్ల అన్నా, మీ తమ్ముడింట్లో చిన్నపిల్లలున్నారా?

సిరిసిల్లోడు:
ఒక పాప ఉన్నదక్కా. మూడేండ్లు. ఎందుకు?

పల్లెనర్సు:
పాపను ఎవరైనా చూశారా? ఐదేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్లకు టీబీ లేదని తేల్చుకున్నాక రాకుండా ఆరు నెలలు ఐసోనియజిడ్ అనే మందు ఇవ్వాలి.

సిరిసిల్లోడు:
ఎవ్వరు అడగలేదక్కా.

పల్లెనర్సు:
రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. తమ్ముడి టీబీ కార్డు కూడా పట్టుకెళ్లండి. పాప బరువు తూచమనండి.